పగిలిందా, పగలగొట్టావా? భాష, ఆలోచన, అధికారం

ఇంట్లో గాజు గ్లాసు పగిలిన చప్పుడు. వంటింట్లోంచి అమ్మ "ఏమైందిరా?" అంటుంది. "గ్లాసు పగిలిపోయిందమ్మా" అంటాడు పిల్లాడు. వెంటనే రెండో ప్రశ్న: "పగిలిపోయిందా, పగలగొట్టావా?"

ఈ మాటలు వినపడని తెలుగిల్లు ఉండదు. ఐదేళ్ల పిల్లాడికి వ్యాకరణం ఎవరూ నేర్పలేదు. అయినా ‘పగిలింది’ అంటే ఆ వాక్యంలో తాను ఉండనని వాడికి తెలుసు. వాక్యంలోంచి తప్పించుకున్నవాణ్ని ఎలా బయటికి లాగాలో అమ్మకీ తెలుసు. విరిగింది, విరిచాడు. చిరిగింది, చించాడు. కాలింది, కాల్చాడు. పోయింది, పోగొట్టాడు. ఇలాంటి జంటలు తెలుగులో కొల్లలు. మొదటి మాట జరిగినదాన్ని మాత్రమే చెబుతుంది, రెండోది చేసినవాణ్ని కూడా పట్టుకుంటుంది.

ఇదే తేడా పోలీసుల ప్రకటనలో, పేపరు హెడ్డింగులో, అసెంబ్లీ ప్రసంగంలో కనిపిస్తే అది రాజకీయం అవుతుంది. ‘ఉచితాలు’ అనాలా ‘సంక్షేమం’ అనాలా, ‘రాజద్రోహం’ అనాలా ‘దేశద్రోహం’ అనాలా, ఫలానా పేరు మార్చాలా వద్దా అని టీవీల్లో రోజూ గొడవ నడుస్తూనే ఉంటుంది. ఆ గొడవలో రెండు వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. భాష మన ఆలోచనను నిజంగా మారుస్తుందా అన్నది ఒకటి. మారిస్తే, అధికారంలో ఉన్నవాళ్లు ఆ పగ్గం పట్టుకుని మనల్ని నడిపించగలరా అన్నది రెండోది. మొదటిది కాస్త తేల్చుకుంటే రెండోది తేలికవుతుంది.

ఖాళీ డ్రమ్ముల దగ్గర సిగరెట్టు

బెంజమిన్ లీ వోర్ఫ్ అమెరికాలో ఒక అగ్నిప్రమాద బీమా కంపెనీ ఉద్యోగి. ఫ్యాక్టరీల్లో మంటలు ఎందుకు అంటుకున్నాయో చూసి రిపోర్టు రాయడం ఆయన పని. పెట్రోలు నిండిన డ్రమ్ముల దగ్గర పనివాళ్లు చాలా జాగ్రత్తగా ఉండేవారు. ‘ఖాళీ’ డ్రమ్ముల దగ్గరికొచ్చేసరికి సిగరెట్టు వెలిగించేవారు, పీకలు అక్కడే విసిరేసేవారు. నిజానికి ఎక్కువ ప్రమాదం ఖాళీ డ్రమ్ముతోనే, లోపల మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. కానీ ‘ఖాళీ’ అని వినగానే ‘ఇందులో ఏమీ లేదు, ఏమీ కాదు’ అనిపిస్తుంది. మనుషులు డ్రమ్మును చూసి కాదు, దాని పేరును చూసి మసలుకుంటున్నారని వోర్ఫ్ గమనించాడు.

వోర్ఫ్, ఆయన గురువు ఎడ్వర్డ్ సపీర్ పేర్ల మీద ప్రచారమైన ఈ ఆలోచనను రెండు మోతాదుల్లో చెప్పుకోవచ్చు. మన భాషలో లేనిదాన్ని మనం ఆలోచించనే లేం అనేది గట్టి వాదం. ఏదైనా ఆలోచించగలం, కానీ రోజూ మాట్లాడే భాష కొన్నిటి వైపు మన చూపును అలవాటుగా తిప్పుతుంది అనేది మెతక వాదం.

గట్టి వాదం నిలబడలేదు. అమెరికా మూలవాసులైన హోపీల భాషలో కాలాన్ని మనలా చెప్పే మాటలు లేవని వోర్ఫ్ రాశాడు. ఎక్కెహార్ట్ మలోట్కీ అనే పరిశోధకుడు హోపీలతో కూర్చుని అలాంటి మాటలు, వాక్యాలు కుప్పలుగా సేకరించి 1983లో పుస్తకమే వేశాడు.

అంత దూరం పోనక్కర్లేదు, మన ‘పచ్చ’నే చూడండి. పచ్చగడ్డి ఆకుల రంగు, పచ్చకామెర్లు పసుపు రంగు. రెంటికీ ఒకే మాట. మా నాయనమ్మ గుమ్మానికి రాసిన పసుపునీ, గుమ్మం మీది మామిడాకునీ పచ్చ అనే అనేది. కావాలంటే పసుపుపచ్చ, ఆకుపచ్చ అని విడదీసి చెప్పేది. మాట ఒకటే కదాని ఆమె ఏనాడూ పసుపును ఆకు అనుకోలేదు. ఇంకొకటి: ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. క్రియ ఒకటే. ‘అతను వచ్చాడు’ మాత్రం వేరు. అదే బహువచనంలో ఆడా మగా అందరూ ‘వచ్చారు’, బస్సులు మాత్రం ‘వచ్చాయి’. వ్యాకరణమే ఆలోచన అయితే తెలుగువాళ్లు ఆడమనిషి ఒక్కతే వస్తే వస్తువనీ, నలుగురితో కలిసి వస్తే మనిషనీ అనుకోవాలి. అలా ఎవరూ అనుకోరు. మన సమాజంలో ఆడవాళ్లను చిన్నచూపు చూడటం ఉంది, కానీ దాని వేళ్లు ఈ ప్రత్యయంలో లేవు.

మెతక వాదానికి మాత్రం ఆధారాలున్నాయి. రష్యన్ భాషలో ముదురు నీలానికీ లేత నీలానికీ రెండు వేరు పేర్లు, ఒకటి రెండోదానిలో రకం కాదు. ఈ రెంటి సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రంగులను రష్యన్లు కాస్త త్వరగా వేరుచేస్తున్నారని 2007లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఇంగ్లీషువాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అదే సమయంలో మనసులో అంకెలు వల్లెవేసుకోమంటే రష్యన్లకు కూడా ఆ వేగం పోయింది. అంటే కంట్లో తేడా లేదు. లోపల మాట పలుకుతూ ఉంటే అది చేతికి సాయం చేస్తోంది, మాట ఆగితే సాయమూ ఆగుతోంది. భాష గోడ కాదు, కాలిబాట లాంటిది. ఎటైనా నడవొచ్చు, కానీ అలవాటుగా కాళ్లు అటే పోతాయి.

అధికారానికి పనికొచ్చేది ఈ అలవాటే. జనం ఒక సంగతిని అసలు ఆలోచించకుండా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. ముందు ఏది తట్టాలో, ఏ ప్రశ్న ఆలస్యంగా తట్టాలో మార్చగలిగితే వాళ్లకు అదే చాలు.

మేం ఇచ్చాం, మనం భరించాలి

మనస్తత్వ శాస్త్రవేత్తలు అమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1981లో ప్రచురించిన ప్రయోగం ఇది. ఒక అంటురోగం వల్ల 600 మంది చనిపోయేలా ఉన్నారు, రెండు పథకాల్లో ఒకటి ఎంచుకోవాలి. మొదటిదాంట్లో ‘200 మంది బతుకుతారు’. రెండోదాంట్లో మూడింట ఒక వంతు అవకాశం మేరకు 600 మందీ బతుకుతారు, లేకపోతే ఒక్కరూ బతకరు. 72 శాతం మంది మొదటిదే ఎంచుకున్నారు. ఇంకో బృందానికి అవే లెక్కలను చావుల భాషలో చెప్పారు: మొదటి పథకంలో ‘400 మంది చనిపోతారు’. ఇప్పుడు దాన్ని ఎంచుకున్నది 22 శాతమే. 600లో 200 మంది బతికితే 400 మంది పోయినట్టే. లెక్క మారలేదు, మాట మారింది.

తెలుగు రాజకీయాల్లో ఇలాంటి పని చేసే చిన్న మాటలు రెండున్నాయి: మనం, మేము. ఇంగ్లీషులో, హిందీలో రెంటికీ ఒకే మాట సరిపోతుంది. మనకు మాత్రం వినేవాడు లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అన్నది ప్రతిసారీ తేల్చి చెప్పాలి. ఏ పార్టీ నాయకుడి ప్రసంగమైనా ఈ రెండు మాటలు ఎక్కడెక్కడ వస్తున్నాయో గుర్తుపెట్టుకుంటూ వినండి. ‘మేం పింఛన్లు ఇచ్చాం’, ‘మేం రోడ్లు వేశాం’. ఖజానా కష్టంలో ఉన్నప్పుడు ‘మనం కొన్నాళ్లు ఓపిక పట్టాలి’, ‘మన రాష్ట్రం అప్పుల్లో ఉంది’. డబ్బు రెండు సందర్భాల్లోనూ పన్నులు కట్టినవాళ్లదే. ఇచ్చేటప్పుడు జనం బయట, భరించేటప్పుడు లోపల. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే పట్టుకోవడం కష్టం.

ఇంకో చోట ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. చిల్లర దొంగతనం వార్తలో ‘పట్టుబడ్డాడు’, ‘పరారయ్యాడు’, ‘ఒప్పుకున్నాడు’ అని రాస్తారు. కోట్ల రూపాయల కేసులో నిందితుడైన మాజీ మంత్రి ‘అరెస్టయ్యారు’, ‘విచారణకు హాజరయ్యారు’. చట్టం ముందు ఇద్దరూ నిందితులే, ఇద్దరి మీదా నేరం ఇంకా రుజువు కాలేదు. కానీ ఒకరికి ‘డు’, ఒకరికి ‘రు’. కోర్టు కంటే ముందే ఒక తీర్పు వచ్చేసింది. దీన్ని ఎవరో కుట్రపన్ని పెట్టలేదు. నువ్వు, మీరు, వాడు, ఆయన, అది, ఆవిడ అంటూ మనుషుల్ని మెట్లమీద నిలబెట్టే అలవాటు తరాలుగా ఉంది. రిపోర్టరు రాసేటప్పుడు ఏదో ఒక మెట్టు ఎంచుకోక తప్పదు. అందుకే ఇది వ్యాకరణ విషయమూ, న్యాయ విషయమూ కూడా.

జరిగింది, చేశారు: ఎన్‌కౌంటర్ అనే మాట చరిత్ర

తెలుగువాళ్లకు ఈ విషయం పూర్తిగా అర్థం కావాలంటే ఎన్‌కౌంటర్ అనే ఒక్క మాట చాలు. నక్సలైట్ ఉద్యమం నాటి నుంచి మన పల్లెల్లో చదువురానివాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట అది. దాని అసలు అర్థం ఎదురుపడటం. తెలుగు పేపర్లు ‘ఎదురుకాల్పులు’ అని కూడా రాశాయి. ఎదురుపడటం అంటే ఇద్దరుండాలి. ఎదురుకాల్పులంటే రెండు వైపులా తుపాకులుండాలి. ఆ మాటలోనే పోలీసుల వాదన మొత్తం ఇమిడి ఉంది: వాళ్లు కాల్చారు, ఆత్మరక్షణ కోసం మేమూ కాల్చాం.

‘ఎన్‌కౌంటర్ జరిగింది, ఇద్దరు మృతి’ అనే హెడ్డింగులో కాల్చినవాడు లేడు. ‘జరిగింది’ గ్లాసు ‘పగిలింది’ లాంటిదే. కొన్ని సందర్భాల్లో పోలీసులు చెప్పింది నిజమే కావచ్చు. అడవుల్లో నిజమైన ఎదురుకాల్పులు జరిగాయి, పోలీసులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. చిక్కేమిటంటే, నిజమైనదానికీ కట్టుకథకూ అదే వాక్యం వాడుతున్నారు. అసలు విచారణ తేల్చాల్సిన విషయాన్ని ఈ మాట మొదటి రోజే తేలిపోయినట్టు చెప్పేస్తుంది.

కానీ జనం నోట్లో ఈ మాటకు ఏమైందో చూడండి. ఊళ్లల్లో ‘ఎన్‌కౌంటర్ జరిగింది’ అనడం తక్కువ. ‘వాణ్ని ఎన్‌కౌంటర్ చేశారు’ అంటారు. పోలీసులు ‘జరిగింది’ అని ఇచ్చిన మాటను జనం ‘చేశారు’గా మార్చి, తప్పిపోయిన కర్తను వెతికి తెచ్చి వాక్యంలో నిలబెట్టారు. అమ్మ అడిగిన రెండో ప్రశ్న ఇదే. ఏ ప్రభుత్వమూ ఈ వాడుకను ఆపలేకపోయింది.

ఇక్కడితో ఆగితే కథ సుఖాంతం. కానీ ఇంకో మలుపుంది. దారుణమైన నేరం జరిగిన ప్రతిసారీ ‘నిందితుల్ని ఎన్‌కౌంటర్ చేయాలి’ అని ఊరేగింపుల్లో నినాదాలు వినిపిస్తాయి. ‘విచారణ లేకుండా చంపేయండి’ అని మైకులో అరవడానికి చాలామందికి నోరు రాదు. ‘ఎన్‌కౌంటర్ చేయండి’ అనడానికి వస్తుంది. నిజాన్ని బయటపెట్టిన ఆ మార్పే హత్యను ఒక ప్రభుత్వ సేవలా వినిపించేలా కూడా చేసింది.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య) నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని దాడి చేస్తే కాల్చాల్సి వచ్చిందని పోలీసులు చెప్పారు. ఆ రోజు అక్కడ పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని అందులో ఉంది. ఆ తర్వాత వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. పూలు చల్లినవాళ్లలో చాలామందికి జరిగిందేమిటో తెలియక కాదు. ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరం మీద వాళ్ల కోపం నిజం. ఆ కోపాన్ని ఎటు పంపాలో మాత్రం ఆ మాట దారి చూపించింది.

కర్త లేని వాక్యం మనసు మీద ఎంత పనిచేస్తుంది? కెయిట్లిన్ ఫాసీ, లేరా బోరోడిట్‌స్కీ 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. 2004లో అమెరికాలో ఒక పెద్ద ఆటల పోటీ మధ్య జరిగిన కచేరీలో గాయని దుస్తులు చిరిగిన ఘటన గురించి కొందరికి ‘చిరిగింది’ అనీ, కొందరికి ‘చించాడు’ అనీ చదివించారు. ‘చించాడు’ అని చదివినవాళ్లు తోటి గాయకుడికి వేయమన్న జరిమానా యాభై శాతానికి పైగా ఎక్కువ. కొందరు వీడియో చూశారు కూడా. కళ్లతో చూశాక కూడా తప్పెవరిదన్న విషయంలో వాక్యం మాటే కొంత నెగ్గింది.

మాఫీ ఎవరికి, రాయితీ ఎవరికి

‘రుణమాఫీ’ మనకు ఎంత అలవాటైపోయిందంటే అందులో ‘మాఫీ’ అంటే క్షమాపణ అని గుర్తే రాదు. ఉర్దూ ద్వారా మన దగ్గరికొచ్చిన మాట అది. క్షమించాలంటే ముందు తప్పు ఉండాలి. రైతు అప్పు తీర్చలేకపోతే దయతలచి ‘మాఫీ’ చేస్తారు. కంపెనీకి భూమి తక్కువ ధరకిస్తే, పన్ను వదిలేస్తే అది ‘ప్రోత్సాహకం’. దివాలా తీసిన కంపెనీ బాకీలో బ్యాంకులు వదులుకున్న భాగం ‘హెయిర్‌కట్’. ఖజానా నుంచో బ్యాంకు నుంచో డబ్బు పోవడం అన్నిటిలోనూ ఉంది. ఒక పేరులో తప్పు ఉంది, ఒకదానిలో మెచ్చుకోలు, ఇంకోదానిలో ఎవరికీ నొప్పి కలగని కత్తిరింపు.

ఇక్కడ రెండో పక్షం మాట కూడా వినాలి. బ్యాంకులు చేసే ‘రైట్ ఆఫ్’, ప్రభుత్వం చేసే మాఫీ ఒకటి కావు. రైట్ ఆఫ్ చేసినా అప్పు రద్దు కాదు, ఖాతా పుస్తకంలో చోటు మారుతుంది, వసూలు చేసే హక్కు మిగిలే ఉంటుంది. మాఫీలో ఆ హక్కే పోతుంది. ‘కార్పొరేట్లకు లక్షల కోట్లు మాఫీ చేశారు’ అనే విమర్శ ఈ తేడాను దాటేస్తుంది. అంటే తమకు నచ్చిన మాటతో లెక్కను కప్పేయడం ప్రభుత్వాలు మాత్రమే చేసే పని కాదు, ప్రతిపక్షాలూ చేస్తాయి. అడగాల్సింది ఒకటే: చివరికి ఎంత వసూలైంది, ఎంత పోయింది?

‘ఉచితాలు’ కూడా ఇంతే. 2022 జులైలో ప్రధాని మోదీ ‘రేవడీ సంస్కృతి’ అన్నారు. రేవడీ అంటే నువ్వుల మిఠాయి. మన ‘పప్పుబెల్లాల్లా పంచడం’ దానికి సరిగ్గా సరిపోతుంది. ఆ పోలికలోనే వాదన ఉంది: పంచేది చిల్లర తిండి, పంచేవాడు బాధ్యత లేనివాడు, తీసుకునేవాడు చేయి చాచినవాడు. దాన్నే ‘సంక్షేమం’ అంటే రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు గుర్తొస్తాయి. ‘ఆడవాళ్లకు ఉచిత బస్సు’ అన్నప్పుడు మనసు టికెట్ డబ్బు దగ్గర ఆగుతుంది. అదే పథకాన్ని ‘పనికి వెళ్లే ఆడవాళ్లకు ప్రయాణ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది’ అని చెబితే ఆలోచన పని దగ్గరికి, జీతం దగ్గరికి వెళ్తుంది. ఖర్చు ఎక్కువా, ఫలితం తక్కువా అన్నది అసలైన ప్రశ్నే. కానీ దానికి జవాబు బడ్జెట్ కాగితాల్లో వెతకాలి, పేరులో దొరకదు.

రాజు పోయాడు, దేశం వచ్చింది

పాత భారత శిక్షాస్మృతిలో 124ఏ సెక్షన్‌ను 1870లో బ్రిటిష్‌వాళ్లు చేర్చారు. ప్రభుత్వం మీద ద్వేషం, ధిక్కారం, అప్రీతి రేపడం నేరమని దాని సారాంశం. తిలక్, గాంధీ ఇద్దరూ దీనికింద జైలుకు వెళ్లారు. మన వైపు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాతలకు ఇదే నేరం మీద శిక్ష అనుభవించారు. తెలుగులో దీన్ని రాజద్రోహం అన్నాం. ఆ పేరు నిజాయితీ గలది: కోపం వచ్చింది రాజుకు, కాపాడుకుంటున్నది సింహాసనాన్ని.

స్వాతంత్ర్యం వచ్చాక రాజు లేడు, సెక్షన్ ఉంది. క్రమంగా పేపర్లు, టీవీలు అదే కేసును ‘దేశద్రోహం’ అనడం మొదలుపెట్టాయి. ఇక్కడే పెద్ద మార్పు జరిగిపోయింది. ప్రభుత్వాన్ని తిట్టడం, దేశానికి ద్రోహం చేయడం వేర్వేరు సంగతులు. హింసకు పురిగొల్పితేనే ఈ సెక్షన్ వర్తిస్తుందని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు హద్దు గీసింది. కానీ ‘దేశద్రోహి’ అన్న మాట ఒకసారి మీద పడ్డాక ఆ హద్దు పక్కింటివాళ్లకు ఎవరు చెబుతారు?

2022 మేలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ అమలును నిలిపేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రాజద్రోహం అనే మాటే లేదు. రాజద్రోహం స్థానంలో దేశద్రోహం తెచ్చామని, ప్రభుత్వాన్ని ఎవరైనా విమర్శించవచ్చని హోంమంత్రి అమిత్ షా 2023 డిసెంబరులో పార్లమెంటులో చెప్పారు. ప్రభుత్వాన్నీ దేశాన్నీ చట్టమే విడదీసింది కాబట్టి ఇది ముందడుగని సమర్థించేవాళ్ల వాదన. విమర్శకులు 152వ సెక్షన్ వైపు చూపిస్తారు. దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలో పడేసే పనులను అది శిక్షిస్తుంది. వేర్పాటు భావాలను ప్రోత్సహించడం కూడా అందులోకి వస్తుంది. యావజ్జీవం కాకపోతే ఏడేళ్ల దాకా శిక్ష. పాతదాంట్లో యావజ్జీవం కాకపోతే మూడేళ్ల దాకా ఉండేది. ఏ మాట సార్వభౌమత్వానికి ప్రమాదమో మొదట తేల్చేది స్టేషన్లో కూర్చున్న అధికారే కదా అని వాళ్ల ప్రశ్న. నా మటుకు నాకు విమర్శకుల భయంలో బరువుందనిపిస్తుంది. కోర్టులు ఈ సెక్షన్‌కు ఎలాంటి హద్దు గీస్తాయన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

మారుపేరుకు మళ్లీ మారుపేరు

భాషను పూర్తిగా చేతిలోకి తీసుకోవాలని చూసిన రాజ్యం కథ హిట్లర్ జర్మనీది. విక్టర్ క్లెంపరర్ డ్రెస్డెన్‌లో భాషా సాహిత్యాల ప్రొఫెసర్, యూదు కుటుంబంలో పుట్టినవాడు. 1935లో ఉద్యోగం పోయింది. భార్య యూదురాలు కాకపోవడంతో ప్రాణం దక్కింది. నాజీల పాలన సాగిన పన్నెండేళ్లూ రహస్యంగా డైరీ రాశాడు. రేడియోలో, పేపర్లలో, పక్కింటివాళ్ల నోట్లో మాటలు ఎలా మారుతున్నాయో ఒక్కొక్కటీ రాసుకుని 1947లో పుస్తకంగా వేశాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో ‘మూర్ఖపు పట్టుదల గల’ అనే అర్థమిచ్చే విశేషణం ఒకటి. ఒకప్పుడు అది తిట్టు. నాజీలు దాన్ని పొగడ్తగా వాడీ వాడీ చివరికి నాజీ కానివాళ్లు కూడా అలాగే వాడటం మొదలుపెట్టారు. ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది హిట్లర్ ఉపన్యాసాలు కాదు, మంచివాళ్లు కూడా ఏమీ అనుకోకుండా ఆ మాటల్లోనే మాట్లాడటం.

హత్యలకు వాడిన మాటలు మరీ శుభ్రంగా ఉండేవి. 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సీలో అధికారులు సమావేశమై యూదుల నిర్మూలన గురించి మాట్లాడుకుంటే, మినిట్స్‌లో ‘తూర్పుకు తరలింపు’ అని రాసుకున్నారు. చంపడానికి ఇంకో పేరు ‘ప్రత్యేక చర్య’. మరుసటి ఏడాది కొర్హెర్ అనే గణాంకాల అధికారి యూదుల లెక్కలతో నివేదిక తయారుచేశాడు. అందులో ‘ప్రత్యేక చర్య’ అనే మాట కనిపించకూడదని, తూర్పు ప్రాంతాల నుంచి రవాణా చేసినట్టు రాయాలని నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఆఫీసు నుంచి ఆదేశం వచ్చింది. నిజాన్ని దాచడానికి తెచ్చిన మారుపేరుకు కొన్నేళ్లకే ఆ నిజం అంటుకుంది. దాంతో మారుపేరుకే మళ్లీ మారుపేరు కావలసివచ్చింది.

ఈ ఒక్క ఆదేశం రెండు విషయాలు చెబుతుంది. మాట నిజాన్ని చాలాకాలం కప్పలేదు. అయినా ఆ కొద్దికాలంలో టైపిస్టులు, రైల్వే గుమస్తాలు, లెక్కలు రాసేవాళ్లు తమ పని తాము చేసుకుపోవడానికి అది సరిపోతుంది.

మాట్లాడనివ్వకపోవడం, మాట్లాడించడం

ఇప్పటిదాకా చూసింది పేర్ల సంగతి. ఎవరు ఏ భాషలో నోరు విప్పొచ్చు అన్నది ఇంకా మొరటు పద్ధతి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని హాల్లో సంఘసంస్కరణ సభ జరిగింది, మహర్షి కార్వే అధ్యక్షుడు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేసి మాట్లాడనివ్వలేదు. నిజాం రాజ్యంలో జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్లు. రాజభాష ఉర్దూ, కోర్టు ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీ చదువూ ఉర్దూలోనే. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో పెద్ద చదువులు చెప్పడం ఆ రోజుల్లో గొప్ప సాహసమన్నది నిజమే. ఆ భాష తమది కాని రైతుకు మాత్రం కాగితం మీద ఏముందో పట్వారీ చెబితేనే తెలిసేది. ఆ సభలో అవమానపడిన కొందరు అదే నెలలో ఆంధ్ర జనసంఘం పెట్టారు. తెలంగాణ రాజకీయ చైతన్యానికి అదొక మొదలు.

అదే కాలంలో తెలంగాణ పల్లెల్లో ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనే మాట ఉండేది. బాంచ అంటే దాసి. దొర ముందు ఏం చెప్పాలన్నా ముందు ‘నీ దాసిని’ అని చెప్పుకుని మొదలుపెట్టాలి. నోరు మూయించడం కంటే ఇది లోతైన పద్ధతి. రోజూ సొంత నోటితో అనిపిస్తారు. మరి ఆ మాట వాళ్ల ఆలోచనను బంధించేసిందా? 1946 నుంచి 1951 దాకా తుపాకులు పట్టి దొరల మీద తిరగబడింది ఆ మాట అన్న నోళ్లే. ఒంగి నిలబడటం వాళ్ల అలవాటైంది కానీ నమ్మకం కాలేదు.

పేరు మారిస్తే బతుకు మారుతుందా

2015 డిసెంబరులో ప్రధాని వికలాంగులను ‘దివ్యాంగులు’ అందామన్నారు. ‘మాకు దివ్యత్వం వద్దు, ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు కావాలి’ అనే ధోరణిలో వికలాంగుల సంఘాల నుంచే అభ్యంతరాలు వచ్చాయి. చూపు మారకుండా మాట మారిస్తే కొత్త మాట కూడా కొన్నాళ్లకు పాతదానిలాగే నలుగుతుందని కొందరు భాషావేత్తలు అంటారు. మన భాషలో ‘కుంటి’, ‘గుడ్డి’ నుంచి ఇప్పటిదాకా వచ్చిన వరుస చూస్తే అది నిజమేననిపిస్తుంది.

అయితే పేరు ఎవరు పెట్టారన్నది కూడా చూడాలి. 1917లో బెజవాడలో ‘ప్రథమాంధ్ర దేశ పంచమ మహాజన సభ’ పేరుతో పెద్ద సభ పెట్టారు. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. పంచమ అంటే ఐదవది, నాలుగు వర్ణాలకూ బయట మిగిలిపోయినది. ఆ పేరే ఒప్పుకోనన్నారాయన. ఈ నేల మీద మొదట ఉన్నవాళ్లం మేమే, కాబట్టి మేం ఆది ఆంధ్రులం అన్నారు. ఆ సభ ‘ఆది ఆంధ్ర మహాజన సభ’గా మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం శాసనసభలో దళిత సభ్యుడు ఎం.సి. రాజా పెట్టిన తీర్మానం మేరకు రికార్డుల్లో పంచమ వంటి మాటలు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయడానికి ఒప్పుకుంది.

ఆ పేరుతో ఊరబావి నీళ్లు మర్నాడే అందలేదు. హాస్టళ్లకు, బడులకు, భూమికి విడిగా కొట్లాడవలసే వచ్చింది. కానీ ఐదవవాళ్లని పిలిపించుకున్నవాళ్లు తమకు తాము మొదటివాళ్లమని పేరు పెట్టుకున్నారు, సర్కారు చేత రాయించారు. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితా తెరిస్తే ఒకటో నంబరు దగ్గర కనిపించే పేరు ఆది ఆంధ్ర.